చూచినది చూచినట్లు వ్రాయుట

నర్సింగు విద్యాలయమున చేరిన తొలినాళ్లలో, మీరు నేర్చుకొను పనులన్నిటిలోను కష్టమైనది యేదియని ఎవరైన అడిగినచో, సూదిమందు వేయుటయే యని మేమందరము ఒక్క గొంతుతో చెప్పియుందుము. నారింజపండ్లమీద అభ్యాసము చేసిన మా చేతులు మొదటి రోగి భుజము చెంత వణకిన మాట నిజమే. కాని ఆ వణకు కొలదిదినములలో తీరినది. తీరనిది వేరొకటి కలదు. రోగిని తల మొదలు పాదముల వరకు పరీక్షించిన పిమ్మట, కలము చేతబట్టి, కనుగొన్న విషయమును కాగితముమీద పెట్టుట. అచ్చట మా కలము ఆగిపోయెడిది. చూచినది ఎంతో ఉన్నట్లే తోచును. వ్రాయబోయినచో మాట దొరకదు. నేటి ఈ ప్రసంగమున ఆ విద్యను గూర్చియే, అది మాకు ఎట్లు అబ్బినదో, ఏ తప్పులు చేసి దానిని నేర్చుకొంటిమో మనవి చేయదలచినాము.

ఆసుపత్రిలో మంచము చివర తగిలించిన అట్టను శ్రోతలలో చాలమంది చూచియే యుందురు. అనేక ఆసుపత్రులలో నేడు ఆ వ్రాత కంప్యూటరులోనికి పోయినది. ఎచ్చట వ్రాసినను దాని పని ఒక్కటే. ఉదయము రోగిని చూచిన నర్సు మధ్యాహ్నము ఇంటికి పోవును. సాయంకాలము వచ్చునది మరియొకతె, రాత్రి వచ్చునది వేరొకతె. వైద్యుడు పూటకొకసారి వచ్చి పోవును. వీరందరి నడుమ కదలక నిలిచియుండునది ఆ వ్రాత మాత్రమే. రోగికి మాట పడిపోయిననాడు ఆతని పక్షమున మాటలాడునదియు అదియే.

రోగి శరీరమును పరీక్షించుటకు నాలుగు మార్గములు కలవని మాకు మొదట చెప్పిరి: చూచుట, తాకుట, తట్టుట, వినుట. చూచుట, తాకుట అనునవి వైద్యమంత పాతవి. తట్టి చూచు పద్ధతిని ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఔవెన్‌బ్రుగ్గర్ 1761లో గ్రంథరూపమున ప్రకటించెను. ఆయన తండ్రి సత్రము నడుపువాడనియు, పీపాను వ్రేళ్లతో తట్టి అందలి మద్యపు మట్టము కనుగొనుటను ఆయన బాల్యమున చూచియుండెననియు చెప్పుదురు. మన సంతలలో కుండ కొను ఇల్లాలు దానిని వ్రేలి కణుపుతో మోగించి, బీటయున్నదో లేదో తెలిసికొనుట మనకు క్రొత్త కాదు. విద్య ఒక్కటే, అచ్చట కుండ, ఇచ్చట రొమ్ము. ఇక వినుటకు సాధనమైన స్టెతస్కోపును ఫ్రాన్సు దేశపు లేనెక్ 1816లో పారిసు నగరమున కనుగొనెను. ఆయన మొదట వాడినది చుట్టగా చుట్టిన కాగితము.

ఈ నాలుగింటిని ఆ వరుసనే చేయవలెనని నేర్పిరి. ఒక్క ఉదరము విషయమున మాత్రము వరుస మారును. అచ్చట చూచిన పిమ్మట వినవలెను. తట్టుటయు తాకుటయు ఆ తరువాతనే. ముందుగా ఒత్తి చూచినచో ప్రేగుల కదలిక మారి, ఆ పిమ్మట వినవచ్చు చప్పుడు రోగిదో మన చేతి ఫలమో తెలియకపోవును. ఈ చిన్న సూత్రములో ఒక పెద్ద నీతి కలదని మాకు తరువాత బోధపడినది. పరీక్షించువాని చేయియే పరీక్షాఫలమును మార్చగలదు. వ్రాయువాని తలంపు వ్రాతను అంతకన్న సులభముగా మార్చగలదు.

మా మొదటి వ్రాత ఇట్లుండెను: “రోగి బాగున్నాడు. ఆహారము తీసికొన్నాడు. నిద్ర పట్టినది. బాధలేవియు లేవు.” దానిని మా ఉపాధ్యాయిని రెండు పర్యాయములు చదివి, “బాగున్నాడు అనుదానిని మీరు చూచితిరా, వింటిరా, తాకితిరా?” అని అడిగిరి. మాకు బదులు తోచలేదు. “నిద్ర పట్టినదని మీకెట్లు తెలిసినది?” అని మరల అడిగిరి. మేమే రోగిని “రాత్రి నిద్ర పట్టిందా తాతా?” అని అడిగితిమి, ఆతడు మర్యాదకు “పట్టిందమ్మా” అనెను. విచారింపగా, ఆతడు 2 గంటలకు మేల్కొని, దిండ్లు రెండు వీపుక్రింద పెట్టుకొని తెల్లవారువరకు కూర్చున్నాడని ప్రక్కమంచపు రోగి చెప్పెను. పడుకొన్నచో ఊపిరాడక లేచి కూర్చుండుట గుండె జబ్బున ముఖ్యమైన లక్షణము. మా “నిద్ర పట్టినది” అను రెండు మాటలు దానిని కప్పిపుచ్చినవి.

ఫ్లారెన్సు నైటింగేలు 1859 చివర అచ్చయిన తన నర్సింగు గ్రంథమున ఈ విషయమునకే ఒక అధ్యాయము కేటాయించినది. రాత్రి బాగుగా గడచినదా యని అడిగినచో లాభము లేదనియు, ఎన్ని గంటలు నిద్రించెను, ఎప్పుడు మేల్కొనెను అని అడిగినచో గాని సత్యము తెలియదనియు ఆమె నూట అరువదేండ్లకు పూర్వమే హెచ్చరించినది. ఆ తప్పునే మేమును చేసితిమి. మాకు తరువాత వచ్చువారును చేయుదురు. ఏలననగా “బాగున్నాడు” అనునది వ్రాయుటకు అతిసులభమైన మాట.

రెండవ పాఠము, కనుగొన్నది వేరు, తలచినది వేరు అని. ఒకనాడు అత్యవసర విభాగమునకు వచ్చిన యొక యువకునిగూర్చి మేము “మద్యము సేవించియున్నాడు” అని వ్రాసితిమి. మాట ముద్దగా వచ్చుచుండెను, అడుగు తడబడుచుండెను. అంతకన్న వేరు సాక్ష్యము మాకు కనబడలేదు. సిస్టరుగారు ఆ వాక్యముపై వ్రేలుంచి, “వాసన చూచితిరా?” అనిరి. లేదు. “చెమట పట్టినదా?” పట్టినది, చొక్కా తడిసియున్నది, అది మేము వ్రాయలేదు. వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి పరీక్షింపగా చక్కెర మిక్కిలి పడిపోయియుండెను. ఆతడు ఇన్సులిను వాడు మధుమేహరోగి. సూది వేసికొని అన్నము తినక బయలుదేరినాడు. “మాట అస్పష్టము, అడుగు తడబాటు, ఒడలెల్ల చల్లని చెమట” అని చూచినది చూచినట్లు వ్రాసియున్నచో, చదివిన ప్రతివారికిని చక్కెర పరీక్ష తట్టెడిది. “మద్యము” అను మాట వ్రాయగానే ఆ తలుపు మూసికొనిపోయినది.

అమెరికా వైద్యుడు లారెన్సు వీడ్ 1968లో ఒక వ్యాసము ప్రకటించి, రోగి వ్రాతలను సమస్యలవారీగా అమర్చు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఆ పద్ధతియందు ప్రతి వ్రాతకును నాలుగు గదులుండును: రోగి చెప్పినది, మేము కనుగొన్నది, దానినిబట్టి తలచినది, ఇకమీద చేయదలచినది. మాకు దీనిని నేర్పినప్పుడు, ఒక గదిలోని సామాను మరియొక గదిలో పెట్టకుడని మా ఉపాధ్యాయిని హాస్యముగా చెప్పెడివారు. “కోపిష్టి”, “సహకరించడు”, “అబద్ధములాడును” అనునవి ఏ గదిలోను పెట్టదగినవి కావు. “మందు వద్దని మూడు పర్యాయములు త్రోసివేసినాడు, చేదుగా ఉన్నదని చెప్పినాడు” అని వ్రాసినచో అది విషయము, దానికి ఉపాయమును ఆలోచింపవచ్చును.

రోగి చెప్పినదానిని వ్రాయుట సులభమని తోచును. మనకు అది మరింత కష్టము. రోగి చెప్పునది తెలుగు, మేము వ్రాయునది ఇంగ్లీషు. ఒక ఊరివారు ఆయాసమన్నదానిని మరియొక ఊరివారు దమ్మందురు. కళ్లు తిరుగుట వేరు, బైర్లు కమ్ముట వేరు. మొదటిదానిలో లోకము గిర్రున తిరుగును, రెండవదానిలో చూపు చీకట్లు క్రమ్మును. రెంటిని మేము ఒకే ఇంగ్లీషు మాటలో కలిపివేసెడివారము. “గుండెల్లో మంటగా ఉందమ్మా” అని చెప్పిన నడివయసు రైతుమాటను మేము అజీర్తికి వాడు ఇంగ్లీషు మాటలోనికి మార్చితిమి. దానిని చదివిన సిస్టరుగారు మంచమువద్దకు వచ్చి, “మంట ఎక్కడో చేత్తో చూపించు నాయనా” అనిరి. ఆతడు అరచేయి రొమ్ముమధ్య ఆనించి, దవడవరకు జరిపెను. వెంటనే గుండె పరీక్ష జరిపించిరి. అది అజీర్తి కాదు, గుండెపోటు.

ఆనాటినుండి మేము పాటించిన నియమమిది. రోగిమాటను ముందు రోగి మాటగానే, కొటేషను గుర్తులనడుమ, తెలుగుననే వ్రాయవలెను. పిమ్మట ఎచ్చట, ఎప్పటినుండి, ఎంత తీవ్రముగా, ఎచ్చటికి ప్రాకుచున్నది, దేనితో హెచ్చును, దేనితో తగ్గును అనునవి ఒక్కొక్కటిగా అడిగి చేర్చవలెను. అనువాదము ఆ తరువాతి పని.

మూడవ పాఠము మా కళ్లకు సంబంధించినది. మేము చదివిన పాఠ్యపుస్తకములు పరదేశపువి. ఆరోగ్యవంతుని చర్మము గులాబిరంగున నుండునని అందుండెను. మేమును అట్లే వ్రాసితిమి. నల్లని శరీరచ్ఛాయగల కూలిమనిషిని ఎదుట పెట్టుకొని “చర్మము గులాబిరంగు” అని వ్రాసిన ఘనత మాది! చూచినది వ్రాయలేదు, చదివినది వ్రాసితిమి. మన దేహములపై రక్తహీనతను చూడవలెనన్నచో క్రిందిరెప్ప లోపలిభాగము, నాలుక, అరచేయి, గోళ్లు చూడవలెను. పసిరికలను కంటి తెల్లగ్రుడ్డున చూడవలెను. ఊపిరి చాలక వచ్చు నీలివర్ణమును నాలుకయందు, పెదవుల లోపలిభాగమునందు చూడవలెను. మంచముపట్టిన రోగి నడుము క్రింద పుండుపడబోవుటకు ముందు ఎఱ్ఱదనము కనిపించునని పుస్తకము చెప్పును. చామనచాయ, నలుపు దేహములపై అది కంటికి ఆనదు. అరచేతి వెనుకభాగముతో తాకి, చుట్టుప్రక్కలకన్న వేడిగానున్నదా, గట్టిగానున్నదా, మెత్తబడినదా అని చూచి, ఆ మాటనే వ్రాయవలెను.

నాలుగవది కొలత. “నిమ్మకాయంత గడ్డ” అని మేము వ్రాసితిమి. “ఏ నిమ్మకాయ? ఊరగాయకు తెచ్చునదా, గజనిమ్మయా?” అని సిస్టరుగారు నవ్విరి. గడ్డనైనను పుండునైనను సెంటీమీటరులలో కొలచి, పొడవు, వెడల్పు, లోతు, అంచులు, స్రావము, వాసన వ్రాయవలెను. కాలి వాపును వ్రేలితో కొంతసేపు ఒత్తి, పడిన గుంట ఎంత లోతో, ఎంతసేపటికి పూడినదో వ్రాయవలెను. రక్తపుపోటు వ్రాసినచో ఏ చేతికి తీసినది, రోగి పడుకొన్నాడా కూర్చున్నాడా అనునది చేర్చవలెను. కొలతలేని వ్రాత ఆ పూటకు మాత్రమే పనికివచ్చును. మరునాడు పుండు పెరిగినదో తరిగినదో చెప్పలేదు.

దీనివలన కలుగు నష్టమును మేము కంటితో చూచితిమి. ఒక వృద్ధురాలు పక్షవాతముతో వచ్చినది. నాలుగవదినమున ఆమె నడుము క్రింద పుండు కనబడినది. “మా అమ్మను ఇంట్లో పువ్వులా చూసుకున్నామమ్మా, ఇక్కడికొచ్చాకే ఇది పడింది” అని కుమార్తె కంటతడి పెట్టినది. అది ఇంటినుండి వచ్చినదో, వార్డులో పడినదో మాలో ఎవరమును చెప్పలేకపోతిమి. చేరిననాటి పత్రమున చర్మమునకు ఎదుట ఒక్క గీతమాత్రమే యుండెను. ఆమెను ప్రక్కకు త్రిప్పి వీపు చూచినవారు లేరు. ఆ కుమార్తెకు మేము చెప్పదగిన సత్యము మావద్ద లేకపోయెను. అప్పటినుండి, లేనిదానినిగూడ చూచి లేదని వ్రాయుట ఏల అవసరమో మాకు తెలిసినది. “నడుము క్రింద, మడమలయందు పుండ్లు లేవు” అను వాక్యము వ్యర్థపు మాట కాదు. అది చూచితిమని చెప్పు సాక్ష్యము.

స్పృహనుగూర్చి వ్రాయుటయందు ఈ చిక్కు లోకమంతటను ఉండెను. మగత, అర్ధస్పృహ, మత్తు అను మాటలు ఒక్కొక్కరి నోట ఒక్కొక్క అర్థము నిచ్చెడివి. గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను ఇరువురు వైద్యులు 1974లో దీనికొక త్రాసు నిర్మించిరి. కన్ను తెరచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6. కలిపి హెచ్చుపక్షము 15, తక్కువపక్షము 3. తెల్లవారుజామున 14 ఉన్నది 6 గంటలకు 11 అయినచో, ఎవరును వర్ణింపనక్కరలేకయే ప్రమాదము తెలియును. ఐనను మూడు అంకెలను విడివిడిగా వ్రాయవలెనని మాకు నేర్పిరి. మొత్తము ఒక్కటే యైనను దాని లోపలి భాగములు వేరు కావచ్చును.

ఇక మేము మరువజాలని దినమునుగూర్చి చెప్పవలెను. పురుషుల వార్డులో తొడయెముక విరిగిన యొక వృద్ధుడుండెను. ఆతని పత్రమున ఉదయము 6 గంటలకు శ్వాస 20. 10 గంటలకు 20. మధ్యాహ్నము 2 గంటలకు 20. మూడును మూడు చేతివ్రాతలు, మూడును మావే. సాయంకాలము వచ్చిన సిస్టరుగారు ఆ పత్రము చూచి ఏమియు అనలేదు. నాడి చూచునట్లు వృద్ధుని మణికట్టు పట్టుకొని, గడియారముమీద దృష్టినుంచి, ఒక పూర్తి నిమిషము నిలుచుండిరి. శ్వాసను ఆ విధముననే లెక్కింపవలెను. లెక్కించుచున్నారని తెలిసినచో రోగి ఊపిరి మారును. లెక్క 32 వచ్చినది. పెద్దలకు విశ్రాంతియందు నిమిషమునకు 12 మొదలు 20 వరకు సహజము.

“ఆయాసంగా ఉందా తాతా?” అని ఆమె అడిగిరి.

“కొంచెం ఉందమ్మా, పొద్దున్నుంచీ” అని ఆతడు చెప్పెను.

“మరి పిల్లలతో చెప్పలేదేం?”

“వచ్చి చూసి రాసుకుని పోతానే ఉన్నారు కదమ్మా. వాళ్లకి తెలుసనుకున్నా.”

ఆ మాట మాలో నాటుకొన్నది. మేము వ్రాయుచుండుటను చూచి ఆతడు నమ్మినాడు. మేము మాత్రము నాడిని చూచి, శ్వాసకు ముందరి గడిలోని అంకెను క్రిందికి దించితిమి. వైద్యుడు వచ్చి వినగా ఊపిరితిత్తి అడుగుభాగమున చెమ్మశబ్దములు వినవచ్చెను. ప్రాణవాయువు పెట్టిరి, మందులు మొదలిడిరి. కొన్నిదినములు కష్టపడి ఆతడు తేరుకొనెను. రోగి స్థితి దిగజారునప్పుడు తరచుగా అన్నిటికన్న ముందు మారునది శ్వాస సంఖ్యయే. దానికి యంత్రమక్కరలేదు, ఒక నిమిషము చాలును. ఆ నిమిషమును మేము ముగ్గురమును మిగుల్చుకొంటిమి. పది గంటలకు తెలియదగినది ఆరు గంటలకు తెలిసినది. సిస్టరుగారు మమ్ము దండింపలేదు. “చూడనిచో గడి ఖాళీగా వదలుడు. ఖాళీ గడిని చూచినవారు వెళ్లి చూతురు. తప్పుటంకెను చూచినవారు నిశ్చింతగా నిద్రపోదురు” అనిరి.

వ్రాయు మర్యాదలుగూడ కొన్ని కలవు. పనికి ముందు వ్రాయరాదు. చూచిన పిమ్మట ఎంత త్వరగా వ్రాసిన అంత మేలు. దినము, గంట తప్పక వేయవలెను. తప్పు పడినచో చెరపరాదు, దిద్దరాదు, సిరాతో నలుపరాదు. ఒక్క గీత గీచి, క్రింది మాట కనబడునట్లు వదలి, ప్రక్కన సంతకము, సమయము వేయవలెను. మరచినది తరువాత జ్ఞప్తికి వచ్చినచో, ఆలస్యముగా వ్రాసినట్లు చెప్పి వ్రాయవలెను. ఇతరులు చూచినదానిని మనము చూచినట్లు వ్రాయరాదు. అపాయము కనబడినచో వ్రాసి ఊరకుండుటయు తప్పే. ఎవరికి తెలిపితిమో, ఎన్ని గంటలకు తెలిపితిమో గూడ వ్రాయవలెను.

నేడు కంప్యూటరులు వచ్చి అక్షరము చదువలేని బాధ తీరినది. కాని నిన్నటి వ్రాతను ఒక్క మీట నొక్కి నేటికి తెచ్చుకొను సదుపాయమును వాటితోడనే వచ్చినది. మేము చేతితో చేసిన తప్పును యంత్రము మరింత చక్కగా, మరింత వేగముగా చేయగలదు. పరికరము మారినను ప్రశ్న మారలేదు: ఈ 20ని ఎవరు లెక్కించిరి?

శ్రోతలకు ఒక్క మనవి. ఆసుపత్రిలో ఒకే ప్రశ్నను ముగ్గురు అడిగినచో విసుగుకొనకుడు. మర్యాదకై “బాగానే ఉందమ్మా” అనకుడు. ఉన్న బాధను మీ యింటి మాటలలో, మీ చేతితో చూపుచు చెప్పుడు. మేము కాగితము పట్టుకొని వచ్చినంతమాత్రమున మాకన్నియు తెలియునని తలపకుడు. మీరు చెప్పిననే మేము వ్రాయగలము. మేము నిజము వ్రాసిననే రాత్రి 2 గంటలకు మీ మంచమువద్దకు వచ్చు క్రొత్త నర్సు మిమ్ము ఎరుగగలదు.